మైకు పాడైన వీధి

ఆ ఇంట్లో ఇద్దరి అసలు పేర్లూ జనం ఎప్పుడో మరిచిపోయారు. తండ్రి మైకాయన, కూతురు ప్రశ్నలమ్మ. ఎండలు ఏటేటా ముదురుతున్నాయి, వాతావరణం మారిపోతోంది, జాగ్రత్తపడండి అని ఆయన వీధివీధినా సభలు పెట్టి చెబుతాడు. కొన్నాళ్లకు ఆమె అవే వీధులు తిరిగి, ఆ మాటలు ఎవరి చెవికెక్కాయో చూసి, ఇద్దరికీ జీతమిచ్చే ఆఫీసుకు చెబుతుంది. తండ్రి వంటకు కూతురు వంకలు పెట్టడమన్నమాట. "ఈ పని నాకొద్దు సార్" అని మొత్తుకుంది గానీ, మరో మనిషి దొరక్క ఆఫీసు వినలేదు.

ఆమెకు పుట్టుకతోనే కుదురు లేదు. "చాలా ఉపయోగపడిందమ్మా" అనే జవాబును అస్సలు నమ్మదు. గుమ్మంలోకొచ్చిన మనిషి మొహం మీద బాగాలేదని ఎవరంటారు? అందుకే మంచినీళ్లడిగి లోపలికి వెళ్లి, ముసలివాళ్ల మంచం ఎక్కడ వేశారో చూసి వస్తుంది.

ఈసారి చూసింది ఆమెను నిలవనివ్వలేదు. తండ్రి మాటలకు జనం కన్నీళ్లు పెట్టుకున్న వీధుల్లో ఒక్క మంచమూ కదల్లేదు. అన్నీ కాలే రేకుల కిందే ఉన్నాయి. దర్జీల వీధిలో మాత్రం ముసలివాళ్లంతా కింది గదుల్లోకి దిగారు. మధ్యాహ్నం పూట పక్కింటివాళ్లు తలుపు తట్టి మరీ పలకరిస్తున్నారు.

"మీ నాన్న ఏం చెప్పాడో మాకేం తెలుసు?" అంది ఒక దర్జీ భార్య. "సభ మొదలుకాకుండానే మైకు పాడైందని బాగుచేయించడానికి పోయాడు. ఊరికే కూర్చోలేక మేమే మాటల్లో పడ్డాం. అత్తను రేకుల గదిలో ఎలా ఉంచావే అని అందరూ నా మీద పడ్డారు. సిగ్గేసి మర్నాడే దించేశా."

ఈ సంగతి ఇంట్లో ఎలా చెప్పడం? అమ్మ పోయాక ఆయనను నిలబెట్టింది ఆ మైకే. అది పోతే మనిషే పోతాడని ఆమెకు భయం. ఆ వారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగి, చివరికి భోజనాల దగ్గర కక్కేసింది.

"అంటే, నేను నోరు మూసుకుంటే అందరూ బాగుపడతారంటావు."

"ఒక్క మాట అడిగి మూసుకో నాన్నా. వాళ్లను మాట్లాడనీ."

ఆయన చెయ్యి కడుక్కుని మేడ మీది తన గదికి వెళ్లిపోయాడు. అదీ రేకుల గదే. అక్కడ పడుకోవద్దని ఆమె చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి మానేసింది.

తర్వాతి సభ వాళ్ల వీధిలోనే. ఆయన మైకు పట్టుకుని, "ఈ ఎండకు మీ ఇంట్లో ముందు పడిపోయేదెవరు?" అని అడిగి, దాన్ని బల్ల మీద పెట్టేశాడు. ఎవరూ పలకలేదు. ఆయన చెయ్యి మైకు వైపు పోవడం, వెనక్కి రావడం. వెనక వరసలో కూర్చున్న ఆమె ఇక ఆగలేక లేచి నిలబడింది.

"మా నాన్న. రేకుల గదిలో పడుకుంటాడు. దిగమంటే దిగడు."

జనం ఘొల్లున నవ్వారు. "మా అమ్మా అంతే, మొండిఘటం" అని ఒకాయన అందుకున్నాడు. ఆపైన ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. మైకాయన తల వంచుకుని ముందు వరసలో ఒక ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. నాన్నను నలుగురిలో నవ్వులపాలు చేశానని ఆమెకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడు. తీస్తే ఎదురింటి పెద్దావిడ. ఇన్నేళ్లలో వీళ్ల గడప తొక్కని మనిషి.

"దిగాడా మీ నాన్న?"

కింది గదిలోంచి విసుగ్గా గొంతు వినిపించింది.

"దిగాను తల్లీ, దిగాను. మరి మీరు?"