కొబ్బరినూనె పట్టించిన తుపాకీ

జెర్రి కనిపిస్తే మంచమెక్కి మా అక్కని కేకేసే మా బావగారు సముద్రం మీదికి తుపాకీతో బయల్దేరారంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. తొంభైల చివరి మాట. అల్లవరం దగ్గర మా ఇద్దరికీ రొయ్యపిల్లల హేచరీ ఉండేది. గుడ్లు పెట్టే తల్లిరొయ్యల్ని సముద్రంలోనే, వేటబోట్ల దగ్గర కొనుక్కొచ్చేవాళ్లం. అలా వెళ్లేవాళ్లని దారికాచి దోచుకుంటున్నారని ఎవడో అన్నాడు. అంతే, వాళ్ల నాన్నగారి జోడుగొట్టాల తుపాకీ అటక మీంచి దిగింది.

ఉప్పుగాలికి తుప్పు పడుతుందని దానికి నూనె పెట్టడానికి కూర్చున్నారు. మిషను నూనె తెస్తానంటే వింటేనా!

"బజారు నూనెలన్నీ కల్తీయేనోయ్ బామ్మర్దీ! మన చెట్ల కొబ్బరినూనె ఉండగా ఇంకోటెందుకూ?"

దెబ్బ తగిలినా, తలుపు కిర్రుమన్నా కొబ్బరినూనే రాసే సీమ మాది. పసిపిల్లకి తలంటేముందు పట్టించినట్టు తుపాకీకి పట్టించారు. ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ పోశారు.

ధనుర్మాసం. తెల్లవారుజామున బయల్దేరాం. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. బావగారు మాత్రం తుపాకీ ఒళ్లో పెట్టుకుని, కోట గెలిచొచ్చిన వాడిలా బోటు ముందు కూర్చున్నారు. వెలుగొచ్చేసరికి ఓ చిన్న పడవ అలల మీద మావైపు కొట్టుకొస్తోంది. అందులో నలుగురు లేచి నిలబడి చేతులూపుతున్నారు.

"దొంగలోయ్!" అని అరిచి, నేను చెయ్యి పట్టుకునేలోపే, ముందున్న ముసలాయన గుండెకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కారు.

కదల్లేదు. మళ్లీ నొక్కారు. చలికి నూనె పేరుకుని లోపలంతా తెల్లగా గడ్డకట్టింది.

అప్పుడు వినపడింది ముసలాయన గొంతు.

"ఇంజను చెడిపోయిందండీ బాబూ! నిన్నట్నించీ మంచినీళ్లు లేవండీ!"

ఆయన పైకెత్తి ఊపుతున్నది ఖాళీ క్యాను.

నీళ్లిచ్చి, వాళ్ల పడవకి తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చాం. దిగాక ముసలాయన బావగారికి దణ్ణం పెట్టాడు.

"చేతిలో తుపాకీ ఉండి కూడా కాల్చలేదు. దేవుడండీ తవరు!"

"మనిషిని చూడగానే తెలిసిపోతుందయ్యా నాకు" అన్నారు బావగారు, ఇసుమంత సిగ్గు లేకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మొగుడాయె, నోరు మూసుకున్నాను. ఊళ్లో ఏడాదంతా ఆయన జాలిగుండె గురించే చెప్పుకున్నారు. ఆయన కూడా కాదనలేదు.

మరుసటి దసరాకి ఆయుధపూజలో ఆయన తుపాకీకి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టారు. నేను పక్కనున్న కొబ్బరినూనె సీసాకి పెట్టాను.