ఉప్పు దొప్ప

రాజాం దగ్గర పల్లెలో వేణుగోపాలస్వామికి నైవేద్యం వండేది అప్పలనరసింహం. డెబ్బై దాటిన మనిషి. తాతగారి నాటి నుంచి స్వామికి వండిపెట్టడం ఆ ఇంటివాళ్ళ పని. దేవుడు ఆరగించకముందు వంటవాడు రుచి చూడకూడదు. నాలుక మీద మెతుకు పెట్టడమే కాదు, గిన్నె మీదికి వంగి వాసన పీల్చినా తప్పే. అందుకని ఆయన వంటంతా చేతిలోనూ బుర్రలోనూ ఉంటుంది. ఉప్పు వేసిందీ లేనిదీ గుర్తుండాలి, అంతే.

నలభై ఏళ్ళు గుర్తుంది. పోయిన దసరా దగ్గర్నుంచి బుర్ర మొండికేసింది. పోపు వేసి, పులుసు కలిపి, ఉప్పు డబ్బా ముందు నిలబడిపోయేవాడు. వేశానా? ఒకరోజు వేశాననుకుని ఊరుకునేవాడు. ఇంకోరోజు ఎందుకైనా మంచిదని మళ్ళీ వేసేవాడు.

అయినా ఒక్కరూ నోరెత్తలేదు. ప్రసాదానికి వంక పెట్టకూడదు కదా! చప్పటి పులిహోరనీ, ఉప్పు కషాయంలా ఉన్న పులిహోరనీ ఊరంతా ఒకేలా కళ్ళకద్దుకుని మింగింది. భార్య ప్రసూనాంబ కూడా "బాగుందండీ" అని, ఆనక చెంబెడు నీళ్ళు తాగేది. వయసుతో ఆయన నాలుకా మొద్దుబారింది, తను తిన్నా తేడా తెలిసేది కాదు. అందరి భక్తీ కలిసి పాపం ఆ మనిషి సంగతి ఆయనకే తెలియకుండా చేసింది.

చివరికి చెప్పినవాడు నరసింగరావు. చిన్నప్పుడు ఆయనతో ఒకే బడిలో చదువుకున్న రైతు, నోట్లో మాట దాగని మనిషి.

"కళ్ళు పోతే పోయాయి, సెప్పేస్తన్నాను పంతులూ. కొన్నాళ్ళబట్టి నీ పులిహోర గొంతు దిగతం నేదు. ఓపాలి ఉప్పుండదు, ఇంకోపాలి ఉప్పే ఉంటాది. ఏటైనాది నీకు?"

అప్పలనరసింహం గుడి మెట్టు మీదే కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ స్వామికి ఏం పెట్టానో అని ఒక బాధ. ఇక గరిటె దించెయ్యాల్సిందేనా అని ఇంకో బాధ. గరిటె లేకపోతే తను ఎవరు? ఆ ఆలోచనకే ఆయనకి ఏడుపొచ్చింది.

ప్రసూనాంబ ఆయన్ని శ్రీకాకుళం తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, "పొద్దున్న ఏం తింటారు?" అని అడిగింది.

"స్వామి తినేదాకా ఏమీ తినను. మధ్యాహ్నం అవుతుంది."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ఒంట్లో పెద్ద తిండిపోతు మెదడేనండీ. చూడ్డానికి ఇంతే ఉంటుంది గానీ, ఒంటికి కావలసిన శక్తిలో ఐదో వంతు అదే లాగేస్తుంది. పెద్దవయసులో అందిన చక్కెరని కూడా ముందులా వాడుకోలేదు. కట్టె వేసినా మంట సరిగా అందుకోదన్నమాట. మీరేమో మధ్యాహ్నం దాకా ఆ కట్టె కూడా వెయ్యడం లేదు. పొద్దున్న ఏదైనా తినండి, సాయంత్రం నడవండి. పోయిందంతా తిరిగొస్తుందని చెప్పను. ఉన్నదాన్ని కాపాడుకుందాం."

బస్సెక్కగానే ఆయన భీష్మించాడు. "స్వామికన్నా ముందు తిననా? ప్రాణం పోయినా తినను."

ప్రసూనాంబకి ఒళ్ళు మండింది. "తెల్లారగట్ల స్వామికి పాలూ అరటిపళ్ళూ పెడుతున్నారా లేదా? ఆయన పుచ్చుకున్నాక మీకేటండీ అడ్డం? ఆ ప్రసాదం ఊరందరికీ పంచి మిమ్మల్ని మాత్రం మానెయ్యమని ఎవరన్నారు? అది నియమం కాదు, మీ పంతం."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. చిలకపాలెం దాటాక మెల్లగా "పంతమే" అన్నాడు.

ఉప్పు సంగతికి కూడా ఆవిడే ఉపాయం చెప్పింది. పొయ్యి వెలిగించకముందే ఆ పూట ఉప్పు అడ్డాకు దొప్పలో పోసి పెట్టుకోవాలి. వేశాక దొప్ప బోర్లించాలి. ఉప్పు డబ్బా మాత్రం వంటింటి గడప అవతలే ఉండాలి.

పాలూ పండూ కడుపులో పడ్డాక బుర్రలో పొద్దుటి మసక కొంత తగ్గింది. కొంతే. మొన్న శనివారం పులిహోర కలిపి చూసుకుంటే దొప్ప బోర్లించి ఉంది. ఉప్పు వేసినట్టు మాత్రం గుర్తు లేదు. కాళ్ళు గడప దాకా వెళ్ళాయి, ఆగాయి. 'గుర్తు లేకపోతే పోనీ, బోర్లించింది నేనేగా' అనుకుని గిన్నె మీద మూత పెట్టి స్వామి ముందుకు మోసుకెళ్ళాడు.

గంట మోగింది. అందరికన్నా ముందు నరసింగరావే చెయ్యి చాచాడు. ప్రసాదం కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు?" అన్నాడు అప్పలనరసింహం.

"సరిగ్గా అమిరినాది పంతులూ. ఎప్పటి సెయ్యే."

నరసింగరావు మొహమాటానికి చెప్పే మనిషి కాదు. అప్పలనరసింహం మొహం విప్పారింది. మిగతావాళ్ళకి పంచి, గిన్నె పట్టుకునే వచ్చి స్నేహితుడి పక్కన అరుగు మీద చేరాడు. వానల గురించీ ఊడ్పుల గురించీ హాయిగా కబుర్లు చెప్పుకున్నారు.

ఉన్నట్టుండి అప్పలనరసింహం కంగారుగా అటు తిరిగాడు.

"ఒరే నరసింగరావూ, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పనేలేదు!"

ఇందాకే చెప్పానని అనబోయి నరసింగరావు ఆగిపోయాడు. పంచెకి తుడుచుకుని మళ్ళీ చెయ్యి చాచాడు.

"ఏదీ, ఇలా పెట్టు. తిని సెప్తాను."