వరిగడ్డిలో మాగేసిన ద్రాక్ష

పచ్చి ద్రాక్షను సగం కన్నా తక్కువ ధరకు కొని, వరిగడ్డిలో మాగేసిన మొనగాణ్ణి విశాఖపట్నం మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ రికార్డును ఇంతవరకూ ఎవరూ కొట్టలేదు.

1984 వేసవి మొదట్లో ఒక ఉద్యోగుల సహకార భండారులో ప్రొబేషన్ మీదున్న కొనుగోలు గుమాస్తాను. హైదరాబాదు దగ్గర ద్రాక్షతోటలకు పేరుపడ్డ చిన్న ఊరికి నన్ను పంపుతూ, సరుకు బాగా పోతే ఉద్యోగం ఖాయం చేస్తానన్నారు మా సెక్రటరీ గారు. ఎలమంచిలిలో మా నాన్న కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. బేరం నాకొకరు నేర్పాలా?

ద్రాక్ష కొనేవాడు గుత్తి కొసనున్న కాయ తిని చూడాలి. అన్నిటికన్నా ఆఖర్న తీపెక్కేది అదే. నేను కొరికితే పళ్లు జివ్వుమన్నాయి. మహా సంతోషించాను. పులుపు ఎంత ఉంటే ధర అంత దిగుతుంది. మామిడిని కాయగా కొని, గడ్డిలో మాగేసి, పండుగా అమ్మడం మా ఇంటి విద్య. కిలో నాలుగు రూపాయలన్నదాన్ని రూపాయి ముప్పావలాకు దించాను.

తోట యజమాని యాదమ్మ నన్ను జాలిగా చూసింది.

"తెంపినంక ద్రాక్ష పండది సారూ. రెండు వారాలు ఆగు."

రెండు వారాల్లో ధర పెంచే ఎత్తు అనుకుని నవ్వాను.

"అయితే నీ ఇష్టం. పైసలు ముందుగాల ఇయ్యి," అంది.

అయిదు వందల కిలోలు రైలు పార్సిలులో విశాఖ చేరాయి. గోదాములో గడ్డి పరిచి, బుట్టలు పేర్చి, పైన గోనెలు కప్పించాను. నాలుగో రోజు గోదాము చూసే అప్పలనాయుడు వచ్చాడు.

"బావా, నాను రోజూ గోనె తీసి సూత్తన్నాను. పండింది ఒక్కటీ నేదు. కొన్ని ఎండతన్నాయి, కొన్ని కుళ్లతన్నాయి. ఇంతకీ మనం పెడతన్నది ఏటి, ద్రాచ్చా, ఎరువా?"

సెక్రటరీ గారికి చెప్పక తప్పలేదు. ఆయన ఒక కాయ నోట్లో వేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, కిటికీలోంచి ఉమ్మేశారు. చివరికి భండారుకు సరుకులకొచ్చిన ఒక ఫిట్టరు భార్య, గోదావరి జిల్లా ఆవిడ, రుచి చూసి, "పచ్చడికి బ్రహ్మాండంగా ఉంటాయండి," అనడంతో మూడు వందల కిలోలు పచ్చడి సరుకుగా కదిలాయి; మిగతా రెండు వందలూ ఎరువుకే పోయాయి.

సరుకు సంగతి అమ్మేవాడికి తెలిసినంత కొనేవాడికి తెలియదు. ఇక లెక్క: కొన్నది 875, పార్సిలు 225, మొత్తం 1100. కిలో రూపాయిన్నర చొప్పున వచ్చింది 450. నష్టం 650, నా జీతంలోంచి నెలకు యాభై వంతున పదమూడు నెలలు కోశారు. ప్రొబేషన్ ఆరు నెలలు పెరిగింది. గడ్డి మాత్రం ఉచితం. దాన్నీ బేరమాడే తెచ్చాను.