మిస్త్రీ పెట్టిన సున్నం చుక్కలు

మొన్న జూన్ పదకొండో తేదీ ఉదయం పదింబావుకు ముత్తంగి చౌరస్తా దగ్గరి కార్ల షెడ్డులో కూర్చుని ఉన్నాను. మా అల్లుడి కారుకు ఏదో తీగ తగిలించి చేతిలోని చిన్న తెర చూసిన మెకానిక్, ఇంతకుముందు ఇంజన్ విప్పి బిగించినవాళ్లు టైమింగ్ బెల్టును ఒక పన్ను తప్పించి వేశారని తాపీగా చెప్పాడు. ఎవరు వేశారని అతడు అడగలేదు, మా అల్లుడూ అడగలేదు. నాకు మాత్రం ఫ్యాను కిందనే నుదుట చెమట పట్టింది.

పందొమ్మిది వందల డెబ్బై మూడులో, పటాన్‌చెరు చుట్టూ జొన్నచేల నడుమ ఒక్కొక్క ఫ్యాక్టరీ గోడ లేస్తున్న రోజుల్లో, ఇంజనీరింగు పట్టా చేతబట్టుకుని అక్కడొక ఫ్యాక్టరీలో శిక్షణ ఉద్యోగిగా చేరాను. మా వంశంలో కాలేజీ గడప తొక్కినవాడిని నేనొక్కణ్ణే కావడంతో, ఏ చిన్న తప్పు చేసినా మా నాన్న ఇన్నేళ్లు నాగలి పట్టిన కష్టమంతా వృథా అవుతుందన్న భయంతో మెలిగేవాణ్ణి. ఏడాది గడిచి ఉద్యోగం ఖాయమయ్యేదాకా గట్టిగా నవ్వడానికి కూడా జంకానంటే నేటి పిల్లలు నమ్మరు గానీ, నా ఈడువారైన మీకు తెలుసు.

ఆ వానాకాలంలో మేనేజరుగారి కారు ఇంజన్ విప్పవలసి వచ్చింది. విప్పినవారు మా షెడ్డులో దినకూలి మీద పనిచేసే మిస్త్రీ. చిట్కుల్ నుంచి సైకిల్ మీద వచ్చే, బడి ముఖం చూడని పెద్దమనిషి, బుగ్గన ఎప్పుడూ పాన్. ఆనాటి ఆ కారులో బెల్టుకు బదులు గొలుసు ఉండేది. దానిని తిప్పే రెండు పళ్ల చక్రాల మీది గుర్తులు ఎదురెదురుగా నిలిస్తేనే ఇంజన్ కవాటాలు వేళకు తెరుచుకునేవి. కింది చక్రం ఎప్పుడో బయట వర్కుషాపులో చేయించినది కనుక దానికి గుర్తు లేదు. అందుకని మిస్త్రీ విప్పేముందే పాన్ డబ్బీలోని సున్నం వేలితో తీసి రెండింటి మీదా చుక్కలు పెట్టుకున్నారు. ఆ సంగతి నాకు తెలియదు. మరునాడు కూతురి కాన్పుకని సంగారెడ్డి ఆసుపత్రికి పోతూ, "నేనొచ్చేదాంక ఏం ముట్టకుండ్రి సారూ, జెర యాదుంచుకోండ్రి" అని మాత్రం చెప్పారు.

సాయం చేద్దామన్న ఉత్సాహంతో ఆ మాట దాటాను. విడిభాగాలన్నీ కిరోసిన్‌లో ముంచి, బ్రష్‌తో రుద్ది, తెల్లమరకలు సహా శుభ్రం చేశాను. తరువాత కారు పుస్తకంలో చెప్పిన గుర్తుల కోసం వెతికితే పై చక్రానికే గుర్తు కనబడింది. ఆగవలసింది. ఆగకుండా కంటి అంచనాతో గొలుసు వేసి కవరు బిగించాను. మిస్త్రీ తిరిగివచ్చి అడిగితే, గుర్తులు చూసే వేశానన్నాను. నేను చూసినవి తన సున్నం చుక్కలే అనుకున్నారేమో, చదువుకున్నవాడి మాటను ఆయన అనుమానించలేదు.

కారు స్టార్టయింది గానీ, దగ్గుతూ వణుకుతూ గేటు ముందరి ఎత్తు కూడా ఎక్కలేకపోయింది. మిస్త్రీ ప్లగ్గులు మార్చారు, కార్బురేటరు కడిగారు, ఫలితం లేదు. మూడోనాడు మేనేజరుగారు అందరి ముందూ మిస్త్రీ మీద కోప్పడి, సాయంత్రంలోగా బాగుపడకపోతే రేపటినుంచి గేటు లోపలికి రావద్దన్నారు. పక్కనున్న ఫిట్టరు, "ఏంది మామా, మనుమడు పుట్టిన సంబురంల నట్లన్నీ ఉల్టా బిగించినవా?" అని ఎగతాళి చేశాడు. "ముందు నీ సైకిల్ చైను సక్కగ ఎక్కించుకోరా" అన్నారు మిస్త్రీ, నవ్వకుండానే.

మధ్యాహ్నం ఆయన మొదటి సిలిండరు ప్లగ్గు తీసి, రంధ్రం మీద బొటనవేలు ఆనించి, హ్యాండిలుతో ఇంజన్‌ను మెల్లగా తిప్పమన్నారు నన్ను. గాలి వేలిని నెట్టగానే ఆ రంధ్రంలో చీపురుపుల్ల దించి, పిస్టను పైకంటా వచ్చినచోట ఆపించి, ఇంజన్ పై మూత ఎత్తి నాలుగో సిలిండరు కవాటాలు చూపించారు.

"ఈ టైముకు ఈ రెండూ బరాబర్ ఉండాలె సారూ. ఒకటి ముందే మూసుకొని కూసున్నది, సూడుండ్రి. గొలుసు పన్ను తప్పింది."

కవరు తీసి, మెరుస్తున్న చక్రాలను వంగి చూశారు. "నా సున్నం ఏమాయె?"

కడిగేశానన్నాను.

"గుర్తులు సూసిన్నంటిరి గద?"

కవాటాలు రెండూ సమానమయ్యేదాకా చక్రాన్ని జరిపి గొలుసు ఎక్కించుకుంటూ, ఆయనే అన్నారు: "పోనియ్యుండ్రి. మీ నౌకరీ ఇంక ముంగటున్నది, నాది ఒడిసే కాలమొచ్చె. నేనే తప్పేసిన్నని చెప్త."

కారు గేటు ఎత్తు అవలీలగా ఎక్కింది. ఆయన చేతులు కడుక్కుంటున్నంతలో నేను మేనేజరుగారి గదికి వెళ్లి, మాట దాటడం, కడగడం, అబద్ధమాడటం మూడూ చెప్పేశాను. ఇంటికి వెళ్లి మా నాన్నకు చెప్పడానికి మాత్రం నాకు మూడు ఆదివారాలు పట్టింది.

ఇప్పుడు తప్పు ఎక్కడుందో తెర చెబుతుంది. ఎవరూ వణకనక్కరలేదు, అదీ మంచిదే. అయితే పరుల తప్పును తన నెత్తిన వేసుకోబోయిన మనిషి పక్కన నిలబడి హ్యాండిలు తిప్పే అవకాశం ఈనాటి కుర్రవాళ్లకు దొరకదేమోనని బెంగగా ఉంటుంది.

మిస్త్రీ కొలువు నిలిచింది. నా ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యంగా ఖాయమైంది. నేను నిజం చెప్పిన మరునాటి నుంచి మిస్త్రీ నన్ను సారూ అనడం మాని, బిడ్డా అని పిలిచారు.