వీపు మీద అరచెయ్యి

గోల్ కొట్టినవాడి మీద జనం పాటలు కడతారు. పడబోయిన గోల్‌ని పడకుండా చేసినవాడి మీద ఎవరూ కట్టరు. జరగని సంగతి మీద పాట ఎలా వస్తుంది? ఆ జరగని సంగతులు పోగేయడమే వృత్తిగా పదహారేళ్ళు బతికాడు గొళ్ళెం.

అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. క్లబ్బు రిజిస్టరులో తప్ప అది ఎక్కడా పనికి రాలేదు. పందొమ్మిదో ఏట, పొద్దున పూట కుళాయిలు బిగించే మేస్త్రీ దగ్గర పని నేర్చుకుంటూ సాయంత్రం ఫుట్‌బాల్ క్లబ్బు రెండో జట్టులో ఆడే రోజుల్లో, ఒక కోచ్ అతన్ని చూసి "వీణ్ణి వెనక పెడితే తలుపుకి గొళ్ళెం పెట్టినట్టే" అన్నాడు. ఆ పేరే అంటుకుంది. అంతకుముందు అందరిలాగే అతనూ ముందు వరసలోనే ఆడాడు. డిఫెండరుగా ఎవడూ పుట్టడు. మిగతావాళ్ళు తనకంటే జోరుగా ఉన్నారని తేలాక అక్కడికి చేరతాడు. గొళ్ళెం ఈ విషయం దాచేవాడు కాదు. "వెనక్కి తోశారు. వెళ్ళి చూస్తే చోటు బాగానే ఉంది, ఉండిపోయాను" అనేవాడు.

మూడు క్లబ్బులు మారాడు. ముక్కు రెండుసార్లు విరిగింది. మొదటిసారి వచ్చిన వంకర రెండోసారి విరగడంతో సరిపోయిందని భార్య లెక్క. మొత్తం మీద పదకొండు గోల్స్ కొట్టాడు, అందులో నాలుగు సొంత జట్టు మీదే. ఇదీ అతని ఘనచరిత్ర. ఇందులో చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే, అది అతని కుడి అరచేతిలో ఉంది.

బంతి కోసం ఎదురుచూసే ఆటగాడు గోల్‌కి వీపు పెట్టి నిలబడతాడు. డిఫెండరు అతని వెనకే అంటిపెట్టుకుని నిలబడతాడు; దాన్నే మార్కింగ్ అంటారు. బంతి వచ్చాక ఆ మనిషి ఎటు తిరుగుతాడో కళ్ళతో కనిపెట్టాలంటే ఆలస్యమైపోతుంది. అందుకని గొళ్ళెం నడుముకి కాస్త పైన, వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచేవాడు. తోసేవాడు కాదు, పట్టుకునేవాడు కాదు, ఊరికే ఆనించేవాడు. తిరగబోయే మనిషి ముందు మడమ నేలకి నొక్కుతాడు. ఆ నొక్కుడు తొడలోంచి నడుములోకి పాకి, వీపు మీద ఒక కండ బిగుసుకుంటుంది. కుడివైపు బిగిస్తే ఎడమకి తిరుగుతాడు, ఎడమవైపు బిగిస్తే కుడికి. అరచేతికి ఆ కబురు అందేసరికి గొళ్ళెం కాళ్ళు కదిలిపోయేవి.

ఈ అలవాటు మైదానం దాటి ఇంట్లోకి కూడా వచ్చింది. రద్దీ వీధుల్లో భార్య వీపు మీద చెయ్యి వేసి నడిచేవాడు. భార్య దర్జీ. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, ఆమె మెడలో ఎప్పుడూ టేపు. "పెళ్ళైన కొత్తలో నా మీద ప్రేమ అనుకున్నాను, మార్కింగ్ అని తర్వాత తెలిసింది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఇక రెండో మనిషి పాదరసం. పక్క పట్నపు జట్టులో ముందు వరస ఆటగాడు. ఏడాదికి రెండుసార్లు, అక్కడొకసారి ఇక్కడొకసారి, ఈ ఇద్దరూ తలపడేవాళ్ళు. పన్నెండేళ్ళలో ఇరవై నాలుగు మ్యాచ్‌లు. అంతసేపు ఒకడి వీపు మీద చెయ్యి వేసి ఉంచితే ఏమవుతుంది? వాడి ఊపిరి తెలుస్తుంది. వాడు ముందురోజు నిద్రపోయాడో లేదో తెలుస్తుంది. తొమ్మిదో మ్యాచ్‌లో పాదరసానికి జ్వరం ఉందని వాళ్ళ కోచ్ కంటే ముందు గొళ్ళేనికి తెలిసింది. తెలిసి, రెండు మాటలు ఎక్కువే అని ఏడిపించాడు కూడా.

ఎందుకంటే వాళ్ళ మధ్య నడిచిందల్లా ఎత్తిపొడుపులే.

"ఏం గొళ్ళెం, తుప్పు పట్టావా? ఈసారి నూనె సీసా తెస్తాలే."

"తే. నువ్వు జారి పడటానికి పనికొస్తుంది."

"సార్! చెయ్యి! వీపు మీద చెయ్యి చూడండి సార్!" అని పాదరసం రిఫరీకి మొర పెట్టుకునేవాడు. పన్నెండేళ్ళ పాటు, ప్రతి మ్యాచ్‌లోనూ. రిఫరీలు మారారు, జవాబు మారలేదు: "ఆడవయ్యా, ఆడు."

క్రీడాస్ఫూర్తి అనే మాట కప్పులు పంచిపెట్టేవాళ్ళు కనిపెట్టింది. ఆడేవాళ్ళకి దాంతో పనిలేదు. ఎదుటివాడి మనసు చెదిరితే కాలు చెదురుతుంది, అందుకే నోటికి ఏదొస్తే అది అనేవాళ్ళు. నీ బూట్లు బాగాలేవనీ, మీ కోచ్ నిన్ను అమ్మేస్తున్నాడనీ, అన్నీ కల్పనలే. దాంతో ఒక చిక్కు వచ్చిపడింది. నిజం చెప్పాల్సిన రోజున నమ్మించే దారి లేకపోయింది.

ఆ రోజు ఇరవై మూడో మ్యాచ్‌లో వచ్చింది, పాదరసం వాళ్ళ మైదానంలో. మొదటి బంతికి పాదరసం ఎడమకి తిరిగాడు. గొళ్ళెం అరచేతి కింద, కుడివైపు కండ బిగుసుకోవాల్సిన క్షణంలో బిగుసుకోలేదు. కాస్త ఆగి, నీరసంగా, చప్పబడిన స్ప్రింగులా కదిలింది. బంతి సులువుగా దొరికేసింది. రెండోసారీ అంతే. మూడోసారి గొళ్ళెం బంతి తీసుకున్నాక వెనక్కి తిరిగి అతని కాలు చూశాడు. కుడి బూటు ముందు భాగం గడ్డిని గీసుకుంటూ వస్తోంది.

"ఒరేయ్, నీ కుడికాలు సరిగా లేదు. చూపించుకో" అన్నాడు.

పాదరసం పగలబడి నవ్వాడు. "ఇది పాతదిరా! నాలుగేళ్ళ కింద మోకాలు అన్నావు. కొత్తది కనిపెట్టు."

నిజమే, గొళ్ళెం ఆ మాట అన్నాడు. అప్పుడు మోకాలికి ఏమీ లేదు.

ఆట ముగిసి లోపలికి వెళ్తుంటే, మెట్టు దగ్గర పాదరసం బూటు కొస తట్టుకుంది. నవ్వుతూ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక గొళ్ళెం ముందుగదిలో బల్ల అంచున కూర్చుని భార్యకి చెప్పాడు. ఆమె ఒక ప్యాంటు అంచు విప్పుతోంది.

"మందగించాడేమో. మీరు మాత్రం కుర్రాళ్ళా?"

"మందగించడం వేరు. అలసిపోయినవాడు రెండు పక్కలా మందగిస్తాడు. వీడు ఒక పక్కే."

ఆమె చేతిలో పని ఆపింది. "ఒక పక్కే అయితే చెప్పాల్సిందే. కిందటేడు ఒకావిడ జాకెట్ కొలతకొస్తే ఒక భుజం వాలి ఉంది. ముందు అలా లేదు. నాకెందుకులే అనుకుని ఆ పక్క దూది పెట్టి కుట్టేశాను. బాగుందని మెచ్చుకుని వెళ్ళింది. తర్వాత ఆవిడ మంచాన పడిందని విన్నాను. ఆ దూది ఎందుకు పెట్టానా అని ఇప్పటికీ అనిపిస్తుంది."

"చెప్పాను. నమ్మలేదు."

"మీరు చెప్తే ఎవరు నమ్ముతారు? పన్నెండేళ్ళు అబద్ధాలు తప్ప ఒక్క మాట మాట్లాడారా ఆయనతో? మళ్ళీ చెప్పండి."

బూట్లు, చొక్కాలు చూసుకునే సామాన్ల మనిషిని బతిమాలి, అతని ద్వారా అవతలి క్లబ్బు సామాన్ల మనిషిని పట్టుకుని, నంబరు సంపాదించి ఫోన్ చేశాడు.

"ఎవరూ, గొళ్ళెమా?" పాదరసం గొంతులో ఆశ్చర్యం, ఆ వెంటనే ఆనందం. "ఫోన్లో కూడా మార్కింగేనా?"

"ఒక్క మాట విను. నువ్వు ఎడమకి తిరిగేటప్పుడు కుడికాలు ఆలస్యంగా లేస్తోంది. కాలుది కాదేమో, నడుముదేమో. నేను డాక్టర్ని కాను. కానీ నీ వీపు నాకు తెలుసు."

"రెండో మ్యాచ్‌కి ఇంకా నాలుగు నెలలుంది నాయనా. ఇప్పట్నుంచే మొదలెట్టావా? మీ జట్టు అంత కష్టాల్లో ఉందా?"

ఉంది. అదే వచ్చిన గొడవ. గొళ్ళెం జట్టు పట్టికలో అడుగున ఉంది, కింది లీగ్‌లోకి జారిపోయేలా ఉంది. అలాంటి జట్టు డిఫెండరు ఫోన్ చేసి నీ కాలు బాగాలేదంటే ఎవరైనా ఏమనుకుంటారు? పాదరసం నవ్వుతూనే ఫోన్ పెట్టేశాడు.

నాలుగు నెలల్లో ఆ జట్టు ఆడిన ప్రతి ఆటనీ గొళ్ళెం టీవీలో చూశాడు. పాదరసం గోల్స్ కొడుతూనే ఉన్నాడు. అన్నీ కుడికి తిరిగి కొట్టినవే. ఎడమకి తిరగడం మానేశాడని, మానేసిన సంగతి అతనికే తెలియదని, గొళ్ళెం భార్యతో అన్నాడు. కుంటే మనిషి తాను కుంటుతున్నానని ఒప్పుకునేముందు దారి మార్చుకుంటాడు.

ఇరవై నాలుగో మ్యాచ్ సీజన్లో చివరిది. గొళ్ళెం జట్టు నిలబడాలంటే ఓడిపోకుండా ఉంటే చాలు. బట్టలు మార్చుకునే గదిలో కోచ్ పలక మీద సుద్దముక్కతో గీత గీశాడు. అతనూ టీవీ చూశాడు.

"పాదరసం ఎడమకి తిరగట్లేదు. అలవాటు తప్పాడు. గొళ్ళెం, నువ్వు కుడి మూసెయ్. ఎడమ బార్లా తెరిచి పెట్టు. అటే తోలు వాణ్ణి."

"అలాగే" అన్నాడు గొళ్ళెం. అవతలివాడి రోగం ఇవతలి కోచ్‌కి చెప్పడం అతనికి మనసొప్పలేదు.

మైదానంలోకి వెళ్ళే సొరంగంలో రెండు జట్లూ పక్కపక్కన వరసగా నిలబడతాయి. సున్నం వాసన, బూట్ల కింద సిమెంటు టకటకలు. పాదరసం పక్కకి వచ్చి నిలబడి, "నూనె తెచ్చాను" అన్నాడు.

గొళ్ళెం అతని వైపు తిరిగాడు. "ఇవాళ ఎడమ పక్క నీకు వదిలేస్తున్నాను. మొత్తం. ఒక్కసారి నన్ను దాటి వెళ్ళు. దాటావంటే నేను అబద్ధాలకోరుని, చచ్చేదాకా అలాగే పిలువు. దాటలేకపోతే రేపు పొద్దున డాక్టర్ దగ్గరికి వెళ్ళు."

"మీ కోచ్ నేర్పాడా ఈ డైలాగు?"

"ఎడమ వదిలెయ్యమన్నది కోచ్. డాక్టర్ సంగతి నాది."

పాదరసం అతని మొహంలోకి చూశాడు. ఈసారి నవ్వు సగంలో ఆగింది.

మొదటి బంతి వచ్చింది. గొళ్ళెం కుడి మూసి, ఎడమ వదిలి, అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. పదిహేనేళ్ళలో ఎన్నడూ ఎవరికీ అంత ఖాళీ ఇవ్వలేదు. బండి తోలుకుపోవచ్చు అందులోంచి. పాదరసం ఎడమకి తిరిగాడు. కండ రాలేదు, రాలేదు, వచ్చింది. అప్పటికే బంతి గొళ్ళెం దగ్గరుంది.

రెండోసారి పాదరసం పళ్ళు బిగించి తిరిగాడు. మూడోసారి ముందుగానే తిరగడం మొదలుపెట్టాడు. నాలుగోసారి కింద పడ్డాడు, ఎవరూ తగలకుండానే. జనం ఈలలు వేశారు. నటిస్తున్నాడన్నారు. గొళ్ళెం చెయ్యి అందించాడు. పాదరసం పట్టుకోకుండా లేచాడు.

అయిదోసారి, ఆట ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా, గొళ్ళెం తన మనసులో ఒక వింత కోరిక గమనించాడు. వెళ్ళు, వెళ్ళిపోరా. జట్టు జారిపోతే పోనీ అనేంత గొప్పవాడేం కాదు అతను. కానీ ఆ అరక్షణం అరచేతి కింద కండ బిగుసుకుంటే బాగుండుననే అనుకున్నాడు. బిగుసుకోలేదు. బంతి కాలి నుంచి తీసుకుని దూరంగా కొట్టాడు.

అక్కణ్ణుంచి పాదరసం రిఫరీకి మొర పెట్టుకోవడం మానేశాడు.

ఆట సున్నా-సున్నాగా ముగిసింది. గొళ్ళెం జట్టు నిలబడింది. తోటివాళ్ళు ఒకరి మీద ఒకరు పడి కేకలు వేస్తుంటే, మైదానం మధ్యలో పాదరసం వచ్చి అతని పక్కన నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచి?"

"మీ మైదానంలో ఆడినప్పట్నుంచి. అంతకుముందు ఏడాది బాగానే ఉంది."

"మెట్లెక్కితే కాలు తిమ్మిరెక్కుతోంది. వయసనుకున్నాను."

"వయసైతే రెండు కాళ్ళకీ వస్తుంది."

"నీకెలా తెలిసిందిరా? మా ఆవిడక్కూడా తెలీదు."

గొళ్ళెం చెయ్యెత్తి అరచెయ్యి చూపించాడు. మర్నాడు పేపర్లో అతనికి ఆ సీజన్లోకెల్లా ఎక్కువ మార్కులు వేశారు. ఇంత చెత్త ఆట ఎప్పుడూ ఆడలేదని భార్యతో అని, పేపరు మడిచి ఆమె కత్తిరింపు బల్ల కింద పడేశాడు.

వెన్నెముక పక్కన ఒక గడ్డ పెరిగి నరాన్ని నొక్కుతోందని డాక్టర్లు తేల్చారు. ప్రాణం తీసే రకం కాదు. ఇంకో ఆరు నెలలు ఊరుకుంటే మాత్రం కాలు పూర్తిగా పడిపోయేదట. కోసి తీసేశారు. ఇక నడవొచ్చు, ఆడకూడదు అన్నారు. ఎవరు గమనించారని డాక్టరు అడిగితే, "నన్ను ఆపేవాడు" అన్నాడట పాదరసం.

గొళ్ళెం ఇంకో ఏడాది ఆడాడు. కొత్త వీపుల మీద చెయ్యి వేశాడు. కబుర్లు అందేవి గానీ పరాయి ఊరి కబుర్లలా ఉండేవి. ఆ ఏడాది చివర బూట్లు సామాన్ల మనిషికి ఇచ్చేసి, మేస్త్రీ దగ్గర నేర్చుకున్న పనిలోకి వెళ్ళిపోయాడు. వీడ్కోలు సభ పెడతామంటే వద్దన్నాడు.

ఆపరేషన్ అయిన పన్నెండో రోజు సంగతి చెప్పి ముగించాలి. గొళ్ళెమూ భార్యా ఆసుపత్రికి వెళ్ళారు. పొడవాటి నడవా, ఒక పక్క కిటికీలు, ఇంకో పక్క పట్టుకోవడానికి చెక్క కమ్మీ. నర్సు పాదరసాన్ని మొదటిసారి ఆ చివర దాకా నడిపిస్తోంది. గొళ్ళెం ఏమీ అడక్కుండా వెనక చేరాడు. నడుముకి కాస్త పైన, కట్టుకి పక్కగా, అరచెయ్యి ఆనించాడు.

పాదరసం ఆగాడు. తల తిప్పకుండానే నర్సుతో అన్నాడు: "సిస్టర్! చెయ్యి! వీపు మీద చెయ్యి చూడండి సిస్టర్!"

"నడవండి, నడవండి" అంది నర్సు.

గొళ్ళెం భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాదరసం కుడి మడమ నేలకి నొక్కాడు. గొళ్ళెం కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి, సన్నగా, అరచేతి కింద ఒకటి కదిలింది.

"వచ్చింది" అన్నాడు.