శరణమ్మత్త రిజిస్టరులో చిరిగిన ఆట

వార్నిష్ వాసన బాగుంటుందని నేను ఎవరితోనూ వాదించను. నేను పనిచేసే పంపుసెట్ల సర్వీసు సెంటర్లో కొత్తగా చుట్టిన మోటరుకు వార్నిష్ పోసి, లోపల పెద్ద బల్బు వెలిగించి ఆరబెడతాం. వేడికి లేచే ఆ ఘాటుకు ఎదురుగా ఉన్న మిర్చిబజ్జీల బండి ఆయన సైతం ముక్కు మూసుకుంటాడు. రోజంతా మరిగే నూనె ముందు నిలబడే మనిషికి ఇంకొకరి వాసన మీద ఫిర్యాదు ఉండడం నాకు వింతే. నాకు మాత్రం ఆ వాసన తగిలితే చదరంగం బల్ల, బల్లకు అవతల శరణమ్మత్త కనిపిస్తుంది. వాసనకు మనుషులు కనిపించడం డాక్టరుకు చెప్పుకోవలసిన సంగతేమో. దవాఖానలో వరుసలో నిలబడి చెప్పడం కన్నా ఇక్కడ రాసుకోవడం తేలికని రాస్తున్నాను.

శరణమ్మత్త మాకు చుట్టం కాదు. జహీరాబాదులో బీదర్ రోడ్డు మీద ఆమెకు మోటరు వైండింగ్ షాపు ఉండేది. ఆమె భర్త శివరాజ్ మామ బోర్లలోంచి కాలిన మోటర్లను పైకి గుంజేవాడు. ఆమె వాటిని విప్పి కొత్త తీగ చుట్టేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బాగుచేసేది కూడా మామే అనుకునేవారు. ఆ అపోహ తొలగించడానికి మామ ఎన్నడూ పెద్దగా శ్రమపడలేదు. నేను ఆమెను మొదట చూసింది ఝరాసంగం దగ్గరున్న మా చేనులో మోటరు కాలినప్పుడు. అప్పుడు నేను ఎలక్ట్రికల్ డిప్లొమా రెండో ఏడాదిలో ఉన్నాను. మోటర్ల సబ్జెక్టులో అప్పటికే ఒకసారి తప్పాను. ఆ సబ్జెక్టులో తప్పినవాడి చేతనే కాలిన మోటరు మోయించడంలో మా నాన్న ఉద్దేశమేమిటో నేను అడగలేదు. షేర్ ఆటోలో మోటరుకు సీటు దొరికింది, నేను వేలాడుతూ వచ్చాను.

షాపులో బోర్లించిన తీగ డ్రమ్ము మీద చదరంగం బల్ల ఉంది. మా హాస్టల్లో నేను చాంపియన్ను. పోటీలో ఉన్నది ముగ్గురం, అందులో ఒకడికి గుర్రం నడక రాదు. అయినా చాంపియన్ చాంపియనే. ఒక ఆట ఆడదామా అత్తా అని అడిగాను. పది నిమిషాల్లో ఒక బంటు ఎక్కువ గెలుచుకుని ఈల వేయడం మొదలుపెట్టాను. ఆమె ఒక్కో పావునూ ఇచ్చి ఒక్కో పావును పుచ్చుకుంటూ పోయింది. కాసేపటికి బల్ల ఖాళీ అయింది. గుంపు ఉన్నంతసేపు హుషారుగా ఉన్నవాణ్ని, నలుగురు మిగిలేసరికి ఎటు నడవాలో తెలియలేదు. నా బంట్లు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. పరువు పోయే వేళకు జోకు వేసి లేచిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న విద్య. రాజును బల్ల మీద పడుకోబెట్టి, “మా రాజు వానప్రస్థానికి పోయిండత్తా,” అన్నాను.

ఆమె రాజును లేపి మళ్లీ నిలబెట్టింది. “ఎవలు పొమ్మన్నరు? ఇంక ఆట ఉన్నది కద. కూసో.”

ఆ తర్వాత ఇరవై ఎత్తుల దాకా నన్ను నిదానంగా, ఏ కోపమూ లేకుండా ఓడించింది. ఆ షాపులో మధ్యలో లేచిపోవడం లేదని ఆ రోజు తెలిసింది. మోటరు నాలుగు రోజుల్లో తయారైంది. నేను మాత్రం ఆ తర్వాత దాదాపు రెండేళ్లు వెళుతూనే ఉన్నాను.

ఆమె దగ్గర ఒక పొడుగాటి రిజిస్టరు ఉండేది. ఎడమ పేజీలో వచ్చిన ప్రతి మోటరు జాతకం: తీగ కూర్చునే గాళ్లు ఎన్ని, ఒక్కో దాంట్లో ఎన్ని చుట్లు, ఏ గేజు తీగ. చివరి గడిలో ఎందుకు కాలిందో ఒక ముక్క. ‘నీళ్లు లేక ఒట్టిగ తిరిగింది.’ ‘ఒక ఫేజు పోయింది, చూస్కోలే.’ అక్కడక్కడా ఇంకో మాట కనిపించేది: ‘కాలలేదు. తొందరపడి గుంజిన్రు.’ అంటే చెడిపోయింది స్టార్టరో కేబులో అయి ఉంటుంది. రైతు కంగారుపడి, మంచి మోటరును అంత లోతు బోరులోంచి పైకి తీయించి, మోసుకొచ్చి ఉంటాడన్నమాట. కాలినా కాలకున్నా గుంజుడు గుంజుడే అనేది శివరాజ్ మామ సిద్ధాంతం.

కుడి పేజీల్లో మాత్రం మైదా జిగురుతో అంటించిన పేపరు ముక్కలు. వార్నిష్ పోసేటప్పుడు కింద పరవడానికి తెచ్చిన పాత పేపర్లలో ఆదివారం అనుబంధం దొరికితే, అందులో మేటి ఆటగాళ్ల ఆటలు ఎత్తు ఎత్తునా అచ్చువేసిన మూల ఆమె కత్తిరించుకునేది. ఆమెకు ఆట నేర్పింది రాయికోడ్‌లో వాళ్ల నాయిన, పాత నాటు పద్ధతిలో. ఆ పద్ధతిలో బంటు చివరిగడికి చేరితే ఏ పావు ఇంట్లో దిగితే ఆ పావే అవుతుంది. ఏనుగు ఇంట్లో దిగినవాడు మంత్రినయ్యానంటే వాళ్ల నాయిన ఒప్పుకునేవాడు కాదట. పేపరు చూశాకే ఆమెకు లోకమంతా వేరే రూలుతో ఆడుతున్నదని తెలిసింది. అప్పటి నుంచి అచ్చులో ఉన్నదానికి ఆమె దగ్గర తిరుగు లేదు. పేపర్లో వేశారంటే అందులో ఏదో ఉండే ఉంటుంది.

నేర్పే తీరు కూడా ఆమె పనిలోంచి వచ్చిందే. కాలిన తీగను చాలామంది కోసి పారేస్తారు. ఆమె ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ విప్పేది. “చుట్టుడు ఎవలైనా చుడ్తరు. విప్పేటప్పుడు లెక్క వెట్టుకున్నోడే మిస్త్రీ,” అనేది. ఆటను కూడా అట్లాగే విప్పించేది. ముందు చివరి బొమ్మ, రాజు చిక్కిపోయిన చోటు. తర్వాత ఒక ఎత్తు వెనక్కి. ఈ ఎత్తు ఎందుకు కుదిరిందో చెప్పాకే ఇంకో ఎత్తు వెనక్కి. మూడు బంట్ల ఆట ఒకటి విప్పడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. మంత్రులూ ఏనుగులూ పోయాక అంతసేపూ మూలన నక్కిన రాజే నడుచుకుంటూ పనికి బయల్దేరాలని ఆమె చెప్పినప్పుడు, ఇదేనా అత్తా ప్రజాస్వామ్యం అని అడిగాను. పావు జరుపు అన్నది. నా జోకులకు ఆమె ఇచ్చే జవాబు ఎప్పుడూ అదే.

రిజిస్టరు మొత్తంలో ఆమెకు కొరుకుడు పడని ఆట ఒక్కటే. పైన ‘తెల్ల గెలుపు’ అని ఉంది, ఎత్తులు సగం దాకా ఉన్నాయి, కింద భాగం లేదు. ఆ చిరిగిన భాగంలో మామ జామకాయలు చుట్టుకుని ఎటో పోయాడు. ఆ విషయమై వాళ్లిద్దరి మధ్య పదకొండేళ్లుగా శాంతి చర్చలు నడుస్తున్నాయి. పేపరు చిరిగిన చోట బల్ల మీద మిగిలినవి తక్కువే. ఇద్దరు రాజులు, చెరో ఒంటె. తెల్లవాడికి అదనంగా రెండు బంట్లు, మధ్యలో ఒక వరుస వదిలి. రెండు బంట్లు ఎక్కువుంటే గెలుపు ఖాయమనిపిస్తుంది. చిక్కల్లా తెల్లవాడి ఒంటె తెల్లగళ్లలోనే తిరుగుతుంది, నల్లవాడిది నల్లగళ్లలో. ఆ రెండూ ఒక ఇంట్లో ఉండి మాట్లాడుకోని తోడికోడళ్లలాంటివి. బంట్లు దిగాల్సిన గళ్లు నల్లవి. నల్లరాజు వాటి ముందే నిలబడి ఉన్నాడు. ఇట్లాంటి చోట ఆట సగం సగం అని నాకు నేర్పింది ఆమే. కానీ పేపర్లో తెల్ల గెలుపు అని ఉన్నది కదా. మేటి ఆటగాడు మనకు కనిపించని తొవ్వేదో చూసి ఉంటాడని ఆమె నమ్మకం. పని లేని ప్రతి మధ్యాహ్నమూ ఆ పావులు పేర్చి, తెల్ల దిక్కు కూర్చుని వెతికేది.

నా చేతిలో ఫోనుంది. పదకొండేళ్ల చిక్కు నాకు ఆటోలో వస్తూ పది నిమిషాల్లో విడిపోయింది. ఫోనులో ఆట మొత్తం దొరికింది. చిరిగిన చోటి తర్వాత ఒక్క ఎత్తు కూడా లేదు. నల్లవాడు అక్కడే ఓటమి ఒప్పుకుని లేచిపోయాడు. ఆ బల్లను లెక్కించమని ఫోనులోని చదరంగం యంత్రానికి ఇస్తే సున్నా చూపించింది, అంటే సరిసమానం. మామ జామకాయలు చుట్టిన ముక్కలో పోయింది ఆ ఒక్క మాటే. నాకు ఇంతకన్నా మంచి జోకు జీవితంలో దొరకదనుకున్నాను. ఎట్లా చెప్పాలో, ఎక్కడ ఆగాలో దారి పొడుగునా తయారుచేసుకుంటూ వచ్చాను.

షాపులోకి అడుగుపెట్టేసరికి బల్ల పేర్చి ఉంది. ఆమె వేళ్లకు వార్నిష్ ఆరలేదు. నన్ను చూడగానే, “నిన్న ఒక తొవ్వ దొరికిందిరా. ఒక బంటును ఇచ్చేస్తే అయితదేమో,” అన్నది. అప్పుడే కొత్త మోటరు ఇంటికి తెచ్చుకున్న రైతు మొహంలా ఉంది ఆమె మొహం. తయారుచేసుకున్న జోకు వేయలేదు. నా చరిత్రలో నోటిదాకా వచ్చి మింగిన మొదటి జోకు అది. రుచి బాగాలేదు. బంటు ఇస్తే ఏమవుతుందో ఇద్దరం చూశాం. ఏమీ కాలేదు. అట్లా నాలుగు నెలలు ఆ మాట లోపలే పెట్టుకుని, లేని తొవ్వను ఆమెతో కలిసి వెతికాను. చెబితే ఆమె పదకొండేళ్లను నేను ఒక ఫోను ముక్కతో కొట్టేసినట్టు. చెప్పకపోతే ఇంకో పదకొండు. ఇట్లాంటి చోట ఏం చేయాలో ఏ ఆటలోనూ లేదు.

ఈలోగా మోటర్ల పరీక్ష రెండోసారీ తప్పాను. రోజూ మోటర్ల షాపులో కూర్చునేవాడు మోటర్ల పరీక్ష తప్పడం సామాన్య ప్రతిభ కాదని స్నేహితులు అభినందించారు. మూడోసారి రాయడానికి ఫారం తెచ్చి, నింపకుండా జేబులో పెట్టుకున్నాను. గడువు రెండు రోజులే ఉంది. కాలేజీ మానేసి ఎక్కడైనా పనికి కుదురుతానని ఇంట్లో చెప్పాలి. అక్కడ నవ్వేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి, ముందు అత్త దగ్గర చెప్పి చూద్దామని వెళ్లాను. కరెంటు పోయిన మధ్యాహ్నం. ఇగ మా రాజు నిజంగనే వానప్రస్థానికి పోతుండు అన్నాను, విషయం కూడా చెప్పాను. అప్పుడు చూశాను, ఆమె బల్లకు అవతల కూర్చుని ఉంది. నల్ల దిక్కు. ఎన్నడూ కూర్చోని దిక్కు.

తెల్ల తీసుకుని గెలవమన్నది. రెండు బంట్లు ఎక్కువ పెట్టుకుని, ఇరవై ఎత్తులు, ముప్పై ఎత్తులు ప్రయత్నించాను. ఆమె ఏమీ చేయలేదు. రాజును అక్కడే ఉంచి, ఒంటెను ఒక గడి ముందుకు, ఒక గడి వెనక్కి తిప్పింది. అంతే. నా బంట్లు బస్సు రాని స్టాపులో నిలబడ్డట్టు నిలబడిపోయాయి.

“ఇండ్ల గెలుపు లేదురా,” అన్నది చివరకు. “మరి గాయిన ఎట్ల ఓడిండు?”

“ఓడలేదత్తా. లేచిపోయిండు.”

ఆమె చేతిలో ఒంటె ఆగింది. “నీకు ఎప్పటిసంది ఎరుక?”

“నాలుగు నెలల సంది.”

తిడుతుందనుకున్నాను. తిట్టడం సులువుగానే ఉండేది, నా తరఫున చెప్పుకోవడానికి ఏమీ లేదు. “చెప్పకపోతివి, మంచిగైంది. చెప్తే నేను ఈ దిక్కు కూసోకపోదును,” అన్నది. ఒంటెను బల్ల మీద పెట్టి, “పదకొండేండ్లు గెలిచినోని దిక్కే కూసుంటి. ఓడినోని దిక్కెల్లి ఒక్కనాడు చూడకపోతి,” అన్నది. నవ్వుతున్నదో లేదో వెలుతురు చాలక తెలియలేదు. అప్పుడే లోపలికి వచ్చిన శివరాజ్ మామకు సంగతి చెబితే, అయితే ఆ జామకాయల కేసు కొట్టేసినట్టేనా అని అడిగాడు. కొట్టేయలేదన్నది.

తర్వాత రిజిస్టరు తీసి, ఆ పేపరు ముక్క చిరిగిన అంచు కింద పెన్సిలుతో రాసింది. నాకు తలకిందులుగానే కనిపించింది, అయినా చదువుకున్నాను. ‘కాలలేదు. తొందరపడి గుంజిన్రు.’

“గాయిన జర కూసుంటే అయిపోతుండె,” అన్నది రిజిస్టరు మూస్తూ. తర్వాత నా జేబు వైపు చూసి, “ఫారం తియ్యి,” అన్నది. జోకు ఒకటి నోటిదాకా వచ్చింది. నేను దాన్ని వేసేలోపే పెన్ను నా ముందు పెట్టింది. కరెంటు లేని షాపులో, చదరంగం బల్లనే అట్టగా పెట్టుకుని ఫారం నింపాను. మరునాటి నుంచి పరీక్ష దాకా పాఠం మారింది. విప్పిన ప్రతి మోటరునూ నా ముందు పెట్టి, ఎందుకు కాలిందో చెప్పాకే టీ అనేది. టీ కోసం మనిషి ఎంత చదువుతాడో మా లెక్చరర్లకు తెలియదు. మూడోసారి పాసయ్యాను. మార్కులు చెప్పను. సరిసమానంతో బయటపడ్డానని మాత్రం చెప్పగలను.

నాలుగేళ్లయింది. అత్తకు కంటి చూపు సన్నతీగకు చాలక షాపు మూసేసి, ఇద్దరూ రాయికోడ్ పోయారు. పోతూ రిజిస్టరు నాకిచ్చింది. ఇచ్చేటప్పుడు ఏమైనా పెద్ద మాట అంటుందేమోనని నిలబడ్డాను. తడి తగలనీయకు అన్నది. ఇప్పటికీ ఆదివారాలు ఫోనులో ఆడతాం. ఎత్తులు నోటితో చెప్పుకుంటాం. ఆమెకు బల్ల చూడకుండానే గుర్తుంటుంది, నాకు బల్ల చూస్తున్నా గుర్తుండదు. ఓడిపోతున్నానని తెలిసినా చివరిదాకా ఆడతాను. ఫోను పెట్టేయడానికి నా దగ్గర జోకులు లేక కాదు.

ఈ రోజు పొద్దున ఒక రైతు మోటరును భుజాన వేసుకుని వచ్చాడు. శెనగకు తడి పెట్టే అదనులో ఆగిపోయిందట. బిగించిన బోల్టులు కూడా విప్పనీయకుండా, కాలింది సారూ, పాతసామానులో వెయ్యుండ్రి, కొత్తది చెప్పుండ్రి అంటున్నాడు. అప్పటికే సగం లేచి నిలబడ్డాడు. మా కంప్యూటర్లో ఇలాంటప్పుడు నొక్కడానికి రెండే గళ్లుంటాయి: బాగుచేయుట, మార్చుట. నేను రెండూ నొక్కలేదు. లోపలి తీగ కాలిందో లేదో చూపే సీరీస్ బల్బు తెచ్చి రెండు తీగలు ఆనించాను. ఎక్కడ వెలగాలో అక్కడ వెలిగింది, ఎక్కడ వెలగకూడదో అక్కడ వెలగలేదు. పక్కన ఆరుతున్న ఇంకో మోటరు నుంచి వార్నిష్ వాసన వస్తున్నది.

కుర్చీ ఆయన వైపు జరిపాను. “జర కూసో పెద్దనాయినా,” అన్నాను. “స్టార్టరు చూసినవా?”