కనిపిస్తే ఏదైనా మీట నొక్కండి

నా గదిలో పొద్దున్నే మొదట వినపడేది కంప్యూటర్ తెర చప్పుడు. స్విచ్ వేయగానే లోపలెక్కడో టక్కుమంటుంది, అద్దమంతా ఒక్కసారి నల్లబడుతుంది, అందులో నా ముఖం కనపడుతుంది. దువ్వని జుట్టు, నిద్ర తీరని కళ్ళు. తర్వాత తెర వెలిగి, నిలువుగా నిలబెట్టిన ఆ అద్దం మీదికి పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు వస్తాయి. "కనిపిస్తోందా? కనిపిస్తే ఏదైనా మీట నొక్కండి." మిర్చి రోజుల్లో గుంటూరులో కిటికీ తెరిస్తే చాలు, గాలే ఘాటుగా ఉంటుంది. తుమ్ముకుంటూ ఆ మాటలు చూస్తాను. అవి రాసింది సువార్త మేడం. ఆవిడ ఇప్పుడు లేరు. రోజు మొత్తంలో నన్ను ఎవరైనా అడిగే ప్రశ్న ఇదొక్కటే అయిన రోజులు చాలా ఉన్నాయి. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆవిడ నా మొదటి యజమాని. బ్రాడీపేటలో ఒక మందుల షాపు పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్తే వచ్చే రెండు గదుల ఆఫీసు మాది. ఆస్పత్రుల్లో టోకెన్ నంబర్లు చూపే తెరలు, మిర్చి యార్డులో ధరలు చూపే తెరలు, చర్చిల్లో పాటలు చూపే తెరలు పెట్టడం మా పని. తెర కొని గోడకు తగిలిస్తే అయిపోదు. దాని మీద బొమ్మ ఎంత పెద్దగా ఉండాలి, నిలువుగా ఉండాలా అడ్డంగా ఉండాలా, క్షణానికి ఎన్నిసార్లు తెర తనను తాను మళ్ళీ గీసుకోవాలి, ఈ మూడూ కుదరాలి. ఆ మూడు పనులకూ మేడం ఎప్పుడో ఒక లైబ్రరీ రాసి పెట్టుకున్నారు. లైబ్రరీ అంటే ప్రతిసారీ కొత్తగా రాసుకునే అవసరం లేకుండా ఒకసారి రాసి దాచుకున్న కోడ్, ఏ ప్రోగ్రాములోనైనా పిలిచి వాడుకోవచ్చు. ఇది ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మ మాత్రం నేను గ్రంథాలయంలో పనిచేస్తున్నానని మా ఊరు సత్తెనపల్లి అంతా చాటింది.

మేడంకి అప్పటికే అరవై దాటాయి. భర్త పోయారు, పిల్లలు లేరు. నేత చీర, ఎడమ చేతికి మగవాళ్ళ గడియారం, కాళ్ళకు బాటా చెప్పులు. ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఏ తెర పెట్టినా దాని ముందు నిలబడి చూసి వచ్చేయడం ఆవిడకు గిట్టేది కాదు. చూసేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారో అక్కడ కూర్చోవాలి. యార్డులో రైతుల పక్కన టిక్కీలనే మిర్చి బస్తాల మీద, ఆస్పత్రిలో గర్భిణీలు కూర్చునే బల్ల మీద, ఎక్కడైనా సరే. కూర్చుని తెర వైపు కాకుండా పక్కకి తిరిగేవారు. "నేరుగా చూస్తే నీకు అన్నీ బాగానే కనబడతాయి. ఓరకంట చూడు. తెర అదురుతుంటే అక్కడే దొరుకుతుంది," అనేవారు. నిజమే. నేరుగా నిశ్చలంగా కనిపించే తెర కంటి చివర సన్నగా వణికేది. అప్పుడు ఆ గీసుకునే వేగం పెంచేవాళ్ళం. మేడం మాట్లాడేటప్పుడు కూడా మనల్ని ఓరగానే చూసేవారు. పోనీలే అలవాటు అనుకున్నాం అందరం.

ఆ "కనిపిస్తోందా" ప్రశ్న ఎలా వచ్చిందో ఆవిడే చెప్పారు. నేను చేరకముందు ఒక ఆస్పత్రి తెర మీది బొమ్మ సైజును ఆఫీసులో కూర్చునే మార్చారట. ఆ తెర అంత సైజు చూపలేక నల్లబడింది. అక్కడి రిసెప్షన్ అమ్మాయి, మేడం వాళ్ళేదో పని చేసుకుంటున్నారులే అనుకుని, సాయంత్రం దాకా నంబర్లు గొంతు చించుకుని పిలిచిందట. ఇక్కడ మేడం, ఫోను రాలేదు కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకున్నారు. "నల్లబడ్డ తెర, నేను నల్లబడ్డానని చెప్పలేదు కదమ్మా. జవాబు రాలేదంటే అంతా బాగుందని కాదు అర్థం." అప్పటి నుంచి ఆవిడ లైబ్రరీ ఏం మార్చినా మొదట ఆ ప్రశ్న అడుగుతుంది. కాసేపు ఆగుతుంది. ఎవరూ మీట నొక్కకపోతే తనంతట తానే పాత స్థితికి వెళ్ళిపోతుంది. ఇలాంటి ఏర్పాటు వేరేవాళ్ళూ చేశారు గానీ, వాళ్ళు ఆగేది చాలా తక్కువ. మేడం బాగా ఎక్కువసేపు ఆగమన్నారు. "పెద్దవాళ్ళు కళ్ళజోడు వెతుక్కోవాలిగా," అన్నారు.

నేను సొంతంగా మొదటిసారి తెర తిప్పింది పల్నాడు వైపు ఒక పల్లెటూరి చర్చిలో. రెండు స్తంభాల మధ్య ఇరుకు చోటు కావడంతో టీవీని నిలువుగా బిగించారు. అక్షరాలు పక్కకు పడుకున్నాయి. నేను ఎడమకు తిప్పాల్సింది కుడికి తిప్పాను. అక్షరాలు పూర్తిగా తలకిందులయ్యాయి. ప్రశ్న కూడా తలకిందులుగానే వచ్చింది. నేను కంగారులో కీబోర్డు వైరు తన్నేశాను. నొక్కేవాళ్ళు లేక తెర బుద్ధిగా పాత స్థితికి వచ్చి మళ్ళీ పక్కకు పడుకుంది. సరిగ్గా అప్పుడే పాస్టరు గారు కొత్త పాట ఎత్తుకున్నారు. ఎత్తుకున్న పాట ఆపడం ఆ ఊళ్ళో లేదు. చర్చి మొత్తం, చంకలో పిల్లలున్న తల్లులతో సహా, తలలు భుజం మీదికి వాల్చి తెర చూస్తూ పాడింది. వెనక బెంచీలో మేడం కూడా తల వాల్చి పాడుతున్నారు. నేను వైరు పట్టుకుని లేవబోతే కూర్చోమని చెయ్యి ఊపారు. ఆరాధన అయ్యాక ఒక సంఘపెద్ద మెడ రుద్దుకుంటూ వచ్చాడు. "ఏమ్మాయ్, మెడ పట్టేసింది గానీ చరణం మాత్రం తప్పలా," అన్నాడు. ఆటోలో వస్తూ మేడం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నేనూ నవ్వాను. అంతమంది మధ్య ఉండి ఇంటికి ఒక్కదాన్నే పోతున్నానన్న దిగులు ఆ ఒక్క సాయంత్రం లేదు.

అప్పటికి గుంటూరులో నాకు ఎవరూ లేరు. హాస్టల్లో నా గది మేడ మీద చివరిది. ఒకసారి సెలవుల్లో జ్వరం వచ్చి పడుకున్నాను. హాస్టలంతా ఊళ్ళకు పోయింది. ఫోను ఎక్కడో మోగి మోగి ఆగిపోయింది, లేచే ఓపిక లేదు. మధ్యాహ్నం మెట్ల మీద బాటా చెప్పుల చప్పుడు, ఆగి ఆగి పైకి వచ్చింది. మేడం చేతిలో చారన్నం డబ్బా.

"మీరెందుకు వచ్చారు మేడం, ఎండలో?"

"ఫోను ఎత్తలేదుగా. అందుకని చెప్పులేసుకున్నా."

అంతే. ఎలా ఉంది, ఏంటి అని ఇంకేమీ అడగలేదు. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, నేను తిన్నాక డబ్బా కడుక్కుని వెళ్ళారు. నన్ను అంతగా పట్టించుకున్న మనిషి ఊళ్ళో ఉందని ఆ రోజు దాకా నాకు తెలియదు. ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఏడ్చాను.

కొన్నేళ్ళకు ఒక క్లినిక్‌లో కొత్త తెర ముందు కూర్చుని, ఎప్పటిలా పక్కకు తిరిగి, "రెండో వరుసలో ఏముందమ్మా?" అని మెల్లగా అడిగారు. అక్షరాలు జానెడేసి ఉన్నాయి. ఆ వరుస చదివి చెప్పాను. బయటికి వచ్చాక ఆవిడే చెప్పారు.

"నడిమధ్య చూపు పోయింది పద్మా. అంచులున్నాయి. పోయింది ఇంక రాదన్నారు డాక్టరు గారు."

"మాకెవరికీ తెలియనే లేదు మేడం."

"ఎట్లా తెలుస్తుందిలే. మొదటి నుంచీ నా చూపు వంకరేగా," అని నవ్వారు.

ఆఫీసు నాకు అప్పగించి ఒంగోలులో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. పోతూ ఒక్కటే అడిగారు. పొద్దున్నే బైబిల్లో ఒక అధ్యాయం వాక్యం చదువుకోవడం ఆవిడకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అది చివరిదాకా తన కళ్ళతో తనే చదువుకోవాలి. "మా చెల్లెలు చదివి పెడతానంటోంది. వినడం వేరు, మనంతట మనం చదువుకోవడం వేరు. అది పోతే నాకిక పొద్దున్నే లేవడమెందుకో తెలియదు." అడిగేటప్పుడు ఆవిడ గొంతు బతిమాలుతున్నట్టు ఉంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

నేనే ఒంగోలు వెళ్ళి పెట్టాను. తెరను నిలువుగా, ఆవిడ కుర్చీకి ఎదురుగా కాకుండా ఎడమ పక్కన, అంచు చూపు పడేచోట నిలబెట్టాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. ఆవిడ రాసిన లైబ్రరీనే వేశాను. రోజూ తెర వెలగగానే ప్రశ్న వచ్చేలా, జవాబు రాకపోతే నల్లబడి మళ్ళీ అడిగేలా పెట్టాను, ఆవిడ మీట నొక్కగానే గుంటూరులో నా తెర మూలన చిన్న పచ్చచుక్క వెలుగుతుంది. ఆవిడ ఒప్పుకున్నాకే ఆ చుక్క పెట్టాను. "ఇంకా నయం, హాజరు వేస్తావా నాకు?" అన్నారు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఆ చుక్క కోసం చూడటం నాకు అలవాటైంది. చుక్క వచ్చాకే నా రోజు మొదలయ్యేది.

అప్పుడప్పుడూ ఫోను చేసేవారు. "కొంచెం పెద్దవి చెయ్యమ్మా." చేసేదాన్ని. అక్షరం పెరిగినకొద్దీ తెర మీద పట్టే మాటలు తగ్గాయి. తెరకు నాలుగు వరుసలు పోయి రెండు వరుసలయ్యాయి, చివరికి తెరకు ఒక్క మాట మిగిలింది. పొద్దున్న కూర్చుంటే అయిపోయే అధ్యాయం వారాల తరబడి సాగింది. "తొందరేముంది, ఒక్కో మాట దగ్గర కాసేపు కూర్చుంటున్నా. ఇదివరకు పరిగెత్తేదాన్ని," అన్నారు. తర్వాత ఫోన్లు రావడం తగ్గింది.

ఒకరోజు పచ్చచుక్క వెలగలేదు. ఫోను చేశాను.

"మేడం, కనబడుతోందా?"

"ఆ, బాగానే కనబడుతోందమ్మా. నువ్వు తిన్నావా?"

మర్నాడూ వెలగలేదు. మళ్ళీ చేస్తే అదే జవాబు, అదే హుషారు. నెట్ పోయిందేమోనని చూశాను, పోలేదు. అక్కడ తెర వెలుగుతోంది, అడుగుతోంది, జవాబు రాక నల్లబడి మళ్ళీ అడుగుతోంది. ఆఫీసుకు తాళం వేసి, చెప్పులు వేసుకుని ఒంగోలు బస్సెక్కాను. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. నాకు అవేవీ పట్టలేదు. వెళ్ళి ఏం చేయాలో తెలియలేదు. అక్షరం ఇక పెంచడానికి తెర మీద చోటు లేదు.

వాళ్ళ చెల్లెలు తలుపు తీసి గది చూపించింది. మేడం కుర్చీని తెరకు ఎదురుగా తిప్పుకుని, మీటల మీద చెయ్యి ఆనించి కూర్చున్నారు. ఎప్పుడూ ఓరగా చూసే మనిషి నేరుగా చూస్తున్నారు. అంచులు కూడా పోయాయని చూడగానే అర్థమైంది. ఎదురుగా ఆవిడ రాసిన మాటలే అంత లావున వెలుగుతున్నాయి. తెర టక్కుమని నల్లబడి, మళ్ళీ వచ్చింది.

"నువ్వేనా పద్మా?"

"నేనే మేడం."

"మీట నొక్కలేదని వచ్చావు."

"ఫోన్లో కనబడుతోందన్నారుగా. వేలు దాని మీదే ఉంది కదా మేడం. ఊరికే నొక్కేస్తే నాకు తెలిసేది కాదు."

ఆవిడ మీటల మీంచి చెయ్యి తీసేశారు. "నీకు చెప్పాలంటే నోరు రాలా. రెండ్రోజులు నువ్వు సంతోషంగా ఉంటే ఏం పోయిందనుకున్నా. కానీ అది అడుగుతుంటే అబద్ధం నొక్కలేకపోయానమ్మా. ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేకుండానే కదా నేను దాన్ని రాసింది."

నేను వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకున్నాను. ఆవిడ నా జుట్టు సర్దుతూ, "ఎక్కడిదాకా చదివానో అక్కడ ఉంది చూడు. నువ్వు చదువు," అన్నారు. వినడం వేరన్న మనిషి చెయ్యి నా తల మీద పెట్టి విన్నారు. మా ఇంట్లో ఎవరూ ఆ వాక్యం చదివినవాళ్ళు కారు. పేర్ల దగ్గర తడబడితే ఆవిడే అందించారు. తెరకు ఒక్క మాటగానే చదివాను, ఆవిడ చదువుకున్నట్టుగానే.

ఆ తర్వాత వీలు దొరికినప్పుడల్లా వెళ్ళి చదివేదాన్ని. ఆ అధ్యాయం పూర్తయింది, ఇంకొకటి మధ్యలో ఉండగా ఆవిడ పోయారు. తెరను నువ్వే తీసుకెళ్ళమని వాళ్ళ చెల్లెలు అంది. ఇప్పుడు నా గదిలో నిలువుగా ఉన్నది అదే. మామూలు పనికి అది ఏమీ అనువుగా ఉండదు. అడ్డంగా తిప్పుకోవడం నాకు క్షణం పని. తిప్పలేదు.

ఎవరికైనా రెండుసార్లు ఫోను చేసి ఎత్తకపోతే నేను చెప్పులు వేసుకుంటాను. చాలాసార్లు వాళ్ళు స్నానానికో కూరగాయలకో వెళ్ళి ఉంటారు, తలుపు తీసి నన్ను వింతగా చూస్తారు. ఫరవాలేదు. అయితే తిరిగి వచ్చేటప్పుడు, నేను ఫోను ఎత్తని రోజున నా కోసం చెప్పులు వేసుకునే మనిషి ఊళ్ళో ఎవరున్నారా అని లెక్కచూసుకుంటాను. ఇంతవరకూ ఎవరూ తేలలేదు. కొన్ని పొద్దుల్లో ఆ ప్రశ్న ముందు ఏమీ నొక్కకుండా కూర్చుంటాను. అది ఓపిగ్గా ఆగుతుంది, నల్లబడుతుంది, మళ్ళీ వచ్చి అడుగుతుంది. ఆవిడ ఎక్కువసేపు ఆగమన్నారు కదా, ఆగుతుంది. అప్పుడు నొక్కుతాను. కనిపిస్తోంది మేడం.